కాస్త అడ్జస్ట్ అవ్వమ్మా

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళే పల్లెవెలుగు బస్సులో, ముగ్గురు కూర్చునే సీట్లో ముగ్గురే కూర్చోవడం నేను ఇంతవరకూ చూడలేదు. నాలుగో మనిషి తప్పకుండా వస్తుంది. వచ్చి మన మొహం చూడదు, మన నడుముకీ సీటు అంచుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూస్తుంది. మనకి కనిపించని ఖాళీ ఆవిడకి కనిపిస్తుంది. "కాస్త అడ్జస్ట్ అవ్వమ్మా" అంటుంది. అది అడగడం కాదు, తెలియజెయ్యడం. మాట పూర్తయ్యేలోపు కూర్చోవడం కూడా పూర్తవుతుంది. చిల్లకల్లు దాటేసరికి కిటికీ పక్కనున్న నేను సగం బస్సులోనూ సగం కిటికీ ఊచల్లోనూ ఉంటాను. ఆ నాలుగో ఆవిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని, పక్కావిడ భుజం మీద తల వాల్చి హాయిగా నిద్రపోతుంది.

నేను నందిగామలో హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. అందుకని ఈ మాటకి నిఘంటువులో ఏం రాశారో ఒకసారి తీసి చూశాను. ఒక వస్తువుని కొద్దిగా మార్చి సరిగ్గా అమర్చడమట. అద్దం కాస్త వంచడం, గడియారం ముల్లు కాస్త జరపడం, మర కాస్త తిప్పడం. ఎంత ముచ్చటగా రాశారండీ! రాసిన మహానుభావుడు పాపం మా బస్సెక్కి ఉండడు. ఆయన దృష్టిలో అడ్జస్ట్ చేసేది మనిషి, అడ్జస్ట్ అయ్యేది వస్తువు. మా వైపు వస్తువులన్నీ ఎక్కడివక్కడ దర్జాగా ఉంటాయి, మనుషులే జరుగుతుంటారు.

ఎనిమిదో తరగతిలో ఈ మాట వచ్చినప్పుడు పిల్లలని తలా ఒక వాక్యం రాయమన్నాను. ఒకడు, మేము అయిదుగురం మా నాన్న బండి మీద అడ్జస్ట్ అవుతాం అని రాశాడు. ఇంకొకడు, చుట్టాలొస్తే మా అమ్మ పప్పులో నీళ్ళు పోసి అడ్జస్ట్ చేస్తుంది అని రాశాడు. చివరి బెంచీ పిల్ల ఒకతి "మై మదర్ ఈజ్ అడ్జస్ట్" అని నాలుగు ముక్కల్లో తేల్చేసింది. గ్రామర్ తప్పు కాబట్టి దిద్దాను. అర్థంలో దిద్దడానికి ఏమీ దొరకలేదు.

ఇక ఊళ్ళో ఈ మాట అనని నోరు లేదు. జాకెట్టు చంకల దగ్గర పట్టేస్తోందని టైలరు దగ్గరకి వెళితే, "రెండుసార్లు వేసుకోండి మేడం, అదే అడ్జస్ట్ అయిపోద్ది" అంటాడు. అయ్యేది జాకెట్టు కాదని ఇద్దరికీ తెలుసు. మా అమ్మాయిని ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో దింపినప్పుడు, అది నా చీర కొంగు వదలకుండా ఏడుస్తుంటే, వార్డెనమ్మ గేటు దగ్గరే నిలబడి, "మొదట్లో ఇట్టాగే ఏడుస్తారండీ, వారం తిరిగేసరికి అడ్జస్ట్ అయిపోతారు" అంది. నిజమే. వారం తిరిగేసరికి ఏడుపు ఆపేసింది, మాట్లాడటం కూడా తగ్గించేసింది. మా పెళ్ళిచూపుల్లో అయితే మా అత్తగారి తరఫు పెద్దాయన ఒకాయన మా నాన్నని అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "అమ్మాయి అడ్జస్ట్ అవుద్దాండీ?" అని. మా నాన్న ఛాతీ విరుచుకుని, "మా పిల్ల ఎక్కడైనా అడ్జస్ట్ అయిపోద్దండీ" అన్నాడు, అంగట్లో మడతమంచం గురించి చెప్పినట్టు. ఎమ్మే ఇంగ్లీషు చదివాను, బీయీడీ చేశాను. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

మా ఇంట్లో ఈ మాట మీద పూర్తి హక్కులు మా అత్తయ్యవి. ఆవిడ అయిదో తరగతితో బడి మానేశారు. ఆవిడ నోట్లో ఇంగ్లీషు మాటలు బస్సు, కరెంటు, టీవీలాంటివి గుప్పెడు తిరుగుతుంటాయి. వాటిలో బాగా అరిగిపోయింది ఇదే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో కుళాయి రాకపోతే "అడ్జస్ట్ అవ్వమ్మా". గ్యాసు అయిపోతే "అడ్జస్ట్ అవ్వమ్మా". నాకు జ్వరమొచ్చి ఆ పూటే మావారి స్నేహితులు భోజనానికి వస్తే, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "కాస్త ఈ పూటకి అడ్జస్ట్ అవ్వమ్మా" అన్నారు. అన్నాక ఆవిడే వెళ్ళి వంట చేశారనుకోండి, అది వేరే సంగతి. ఆ మాట వింటే మాత్రం నాకు ఒళ్ళు మండేది.

అప్పుడు మేము ఉన్నది రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న అద్దె పోర్షను. ముందు గది హాలు. అందులో టీవీ, టీవీకి ఎదురుగా మా అత్తయ్య నవారు మంచం. రెండో గదిలో మేమూ, బీరువాలూ, పిల్ల పుస్తకాలూ. తలుపులు ఉన్నాయి గానీ, వేస్తే పడవు, పడితే రావు. లోపల గడియ సరిగ్గా పడే తలుపు ఆ ఇల్లు మొత్తానికి ఒక్కటే, స్నానాల గదిది. బడి నుంచి వచ్చాక ఒక్కోరోజు నాకు ఎవరితోనూ మాట్లాడాలనిపించేది కాదు. ఎవరి మొహమూ చూడాలనిపించేది కాదు. కోపమేమీ లేదు, ఊరికే. అలాంటప్పుడు స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చునేదాన్ని. అనుమానం రాకుండా కుళాయి సన్నగా తిప్పి ఉంచేదాన్ని. కాసేపటికి మావారు తలుపు కొట్టి, "అయిపోయిందా? ట్యాంకులో నీళ్ళు అయిపోతాయే" అనేవారు. గవర్నమెంటు ఉద్యోగం చేసే ఆడమనిషి, నలభయ్యేళ్ళు దాటినది, ఒంటరిగా కూర్చోవడానికి దొంగతనంగా కుళాయి తిప్పాల్సి వచ్చింది.

అందుకే మేము స్థలం కొని ఇల్లు మొదలుపెట్టినప్పుడు నేను ఒకే ఒక్కటి అడిగాను. నాకొక గది కావాలి. చిన్నదైనా ఫరవాలేదు, లోపల గడియ ఉండాలి.

"ఏం చేస్తావ్ ఆ గదిలో?" అన్నారు మావారు.

"ఏమీ చెయ్యను."

"అంటే, పేపర్లు దిద్దుకోడానికా?"

"కాదండీ. ఏమీ చెయ్యకుండా కూర్చోడానికి."

ఆయన నా వైపు డాక్టరు చూసినట్టు చూశారు. ఆయన తనకి మాత్రం ప్లానులో ఒక గది ముందే వేయించుకున్నారు. దాని పేరు ఆఫీసు రూము. ఆయన పని చేసేది సిమెంటు ఫ్యాక్టరీలో. పెళ్ళయినప్పటి నుంచి ఒక్క కాగితం ముక్క ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు. ఇంటికి తెచ్చేదల్లా చొక్కా కాలరు మీద దుమ్మే. ఆ గదిలో ఏం చేస్తారని ఆయన్ని ఎవరూ అడగలేదు. మొగాడికి ఒక గది ఉండాలి కదండీ మరి.

అయినా మంచివారే, ప్లానులో నాకూ ఒక గది గీయించారు. వాయవ్యం మూల, చదరంగా, ఒక కిటికీ, ఒక తలుపు. ఆ కాగితం నేను బడికి తీసుకెళ్ళి స్టాఫ్ రూములో ఇద్దరికి చూపించాను కూడా. సంతోషం ఆగలేదు, ఏం చెయ్యను!

ఆ తరవాత ఆ గది అడ్జస్ట్ అవ్వడం మొదలుపెట్టింది.

మొదట మేస్త్రీ. కోదాడ వైపు నుంచి వచ్చినాయన, నోటి నిండా పాన్‌తో మాట్లాడతాడు. "అమ్మా, పైకి మెట్లు తిరగాల్నంటే జాగ చాల్తలేదు. నీ రూముల గింత జరుపుకుంటా. ఏం కాదు, అడ్జస్ట్ అయిపోద్ది" అన్నాడు. గింత అంటే రెండు వేళ్ళు చూపించాడు. కట్టుబడి చూస్తే రెండడుగులు పోయింది. తరవాత మావారు ఇన్వర్టరు బ్యాటరీ ఎక్కడ పెట్టాలని ఆలోచించి, ఆలోచించి, నా గదిలో ఒక మూల పెట్టించారు. "అది శబ్దం చెయ్యదు కదే, నీ పక్కన దాని మానాన అది కూర్చుంటుంది" అన్నారు. ఆ తరవాత ఖమ్మంలో ఉండే మా ఆడపడుచు, మావారి అక్కగారు, ఫోన్ చేసి, "ఒరే తమ్ముడూ, నా పాత బీరువా ఇక్కడ అడ్డంగా ఉందిరా, మీ కొత్తింట్లో ఆ చిన్న గదిలో పడేస్తా. అమ్మాయి అడ్జస్ట్ అవుద్దిలే" అంది. స్పీకరులో పెట్టి మాట్లాడుతున్నారు కాబట్టి నేను విన్నాను. నేను వింటున్నానని ఆవిడకీ తెలుసు. "దానిదేముంది వదినా, పంపించండి" అన్నాను. ఆ మాట నా నోటే వచ్చింది! నాన్న ఊరికే హామీ ఇవ్వలేదు మరి.

ఇంత జరిగినా నేను గొడవపడలేదు. ఎందుకంటే గది చిన్నదైంది గానీ తలుపు అలాగే ఉంది. ఒక కుర్చీ పడితే చాలు, గడియ పడితే చాలు అనుకున్నాను. రోజూ బస్సులో కిటికీ ఊచలకి నొక్కుకుపోతూ ఆ గడియ గురించే ఆలోచించేదాన్ని. ఇత్తడిది కొందామా, స్టీలుదా అని.

అప్పుడు దిగారండీ వాస్తు సిద్ధాంతిగారు.

గోడలు లేచాయి, స్లాబు పడింది, సింహద్వారం ద్వారబంధం పసుపు కుంకాలతో నిలబెట్టాం. మిగతా తలుపులకి వడ్రంగిని రమ్మన్నాం. కొలతలు తీసుకునే ఆదివారం నాడు, ఒకసారి చూసి వెళ్ళమని మావారు సిద్ధాంతిగారిని కారులో తీసుకొచ్చారు. ఆయన వస్తూనే చేతిలో దిక్సూచి పెట్టుకుని ఇల్లంతా తిరిగారు. ఈశాన్యం బాగుందన్నారు. ఆగ్నేయం బ్రహ్మాండమన్నారు. వాయవ్యంలో నా గది ముందు ఆగి, "ఇక్కడెవరుంటారు?" అన్నారు.

"మా ఆవిడ, కాసేపు కూర్చుంటుందటండీ" అన్నారు మావారు, కాస్త సిగ్గుపడుతూ.

"వాయవ్యంలో ఆడవాళ్ళు ఎక్కువసేపు కూర్చుంటే మనసు నిలకడగా ఉండదే" అన్నారు సిద్ధాంతిగారు.

"ఇప్పుడు ఉన్నచోట కూడా నిలకడగా ఏమీ లేదండీ" అన్నాను నేను. ఆయన నవ్వలేదు. మావారు గుడ్లురిమారు.

ఆ తరవాత ఆయన తలుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మా వైపు ఇల్లు కట్టేవాళ్ళందరికీ తెలిసిన సంగతే, ఇంట్లో మొత్తం తలుపులు సరి సంఖ్యలో ఉండాలి, సంఖ్య చివర సున్నా రాకూడదు. సింహద్వారం, పెరటి తలుపు, మా పడకగది, పిల్ల గది, ఆఫీసు రూము, దేవుడి గది, రెండు స్నానాల గదులు. ఎనిమిది. నా గదితో తొమ్మిది.

"తొమ్మిది పనికిరాదండీ. బేసి" అన్నారాయన.

స్నానాల గది తలుపు లెక్కలోకి వస్తుందా రాదా అని కాసేపు చర్చ జరిగింది. వస్తుందన్నారు. దేవుడి గదికి ఉన్నవి రెండు రెక్కలు కదా, రెండుగా లెక్కపెట్టొచ్చా అని మావారు తెలివిగా అడిగారు. పెట్టినా పదవుతుంది, చివర సున్నా వస్తుంది, అది ఇంకా చెడ్డదన్నారు. పోనీ పన్నెండు చేద్దామా అని మేస్త్రీ అన్నాడు. మిగతా తలుపులు ఎక్కడ పెట్టాలి, ఆకాశానికా? వడ్రంగి చెవిలో పెన్సిలు తీసి మళ్ళీ చెవిలో పెట్టుకుని, ఎవరు ఏమంటే వాళ్ళ వైపు తల తిప్పి చూస్తున్నాడు.

చివరికి సిద్ధాంతిగారే దారి చూపించారు. "ఇందులో ఇబ్బందేముందండీ, ఈ చిన్న గదికి తలుపు తీసెయ్యండి. ద్వారబంధం కూడా వద్దు, ఖాళీగా వదిలెయ్యండి. చక్కగా ఒక కర్టెను వేసుకుంటే సరి. ఎనిమిది, దివ్యంగా ఉంటుంది."

మావారి మొహం వెలిగిపోయింది. "అదే నేనూ అనుకుంటున్నానండీ" అన్నారు. నా వైపు తిరిగి, "మంచి డిజైను కర్టెను నువ్వే సెలెక్ట్ చేసుకో. తలుపొక్కటే కదే, గది గదిలాగే ఉంది కదా. కాస్త అడ్జస్ట్ అవ్వు" అన్నారు.

మాట్లాడితే ఏడుపొస్తుందని తెలుసు. మేస్త్రీ ముందు, వడ్రంగి ముందు, దిక్సూచి పట్టుకున్న పరాయి మనిషి ముందు, ఒక తలుపు కోసం ఏడ్చిన టీచరమ్మగా పేటలో పేరు తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. వెళ్ళి నా గది కిటికీ దగ్గర నిలబడ్డాను. బయట రోడ్డు మీద సిమెంటు లారీలు వెళుతున్నాయి. వాటి దుమ్మంతా వచ్చి గోడల మీద, నా మీద పడుతోంది. బస్సులో నాలుగో మనిషి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది నాకు. కాకపోతే ఈసారి నన్ను సీటు మీంచి కిందకి తోసేశారు.

వెనక నుంచి మా అత్తయ్య గొంతు వినిపించింది. ఆవిడ పొద్దుటి నుంచీ వరండాలో ఇటుకల మీద గోనెసంచీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఇక వస్తుంది చూడు, అనుకున్నాను. "అడ్జస్ట్ అవ్వమ్మా" వస్తుంది, నా నోరు కూడా లేస్తుంది, ఇవాళ అయిపోతుంది మా అత్తాకోడళ్ళ సఖ్యత అనుకున్నాను.

"సిద్ధాంతిగారూ, తలుపులు ఎనిమిదే ఉండాలా?" అన్నారావిడ.

"అవునమ్మా."

"ఏ ఎనిమిది ఉండాలో గూడా శాస్త్రంలో రాశారా?"

ఆయన కాస్త తడబడి, "అదేం లేదమ్మా. సింహద్వారం తప్పనిసరి. మిగతావి లెక్క సరిపోతే చాలు" అన్నారు.

"అట్టాగా. అయితే మావాడి ఆఫీసు రూముకి తలుపు తీసేసి ఆ చిన్న గదికి పెట్టండి. ఎనిమిదే అవుద్దిగా?"

వడ్రంగి చెవిలోంచి పెన్సిలు తీశాడు. మావారు నోరెళ్ళబెట్టారు.

"అదేంటమ్మా! నాకు ఫోన్లొస్తాయి" అన్నారు.

"ఒచ్చినప్పుడల్లా వీధిలోకెళ్ళి బజారంతా ఇనపడేట్టు మాట్లాడతావుగా. దానికి తలుపెందుకురా నీకు?"

"ఆఫీసు పని ఉంటుందమ్మా."

"ఎప్పుడు చేశావురా? పెళ్ళయిన కాడి నించీ చూస్తన్నా. నువ్వు అందులో కూచుని చూసేది క్రికెట్టేగా. కర్టెను ఎనక నించి కూడా కనపడుద్ది క్రికెట్టు."

"అందరూ ఏమనుకుంటారు? మగాడి రూముకి తలుపు లేకుండా..."

"అందరూ అనుకోడానికి అందరూ వస్తన్నారా ఏంటి నీ రూములోకి? మంచి డిజైను కర్టెను నువ్వే ఏరుకో. కాస్త అడ్జస్ట్ అవ్వు నాయనా" అన్నారావిడ.

మా ఇంట్లో ఆ మాట ఆయనకి తగలడం అదే మొదటిసారి. అది ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఆయన కాసేపు అటూ ఇటూ చూశారు. సిద్ధాంతిగారు దిక్సూచి జేబులో పెట్టేసుకుని, శాస్త్రరీత్యా అభ్యంతరం లేదన్నారు. మేస్త్రీ వెనక్కి తిరిగి నవ్వుకున్నాడు, భుజాలు కదలడం నేను చూశాను. నాకు కూడా నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

గృహప్రవేశం బాగానే జరిగింది. ఆవుని తీసుకొస్తే అది గడప దగ్గర మొరాయించింది. పాలు పొంగాయి. మా ఆడపడుచు వచ్చింది, ఆవిడ బీరువా కూడా వచ్చింది. ఇల్లు చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ మావారు ఆఫీసు రూము గుమ్మానికి వేలాడుతున్న నీలం రంగు కర్టెను చూపించి, "ఇప్పుడంతా ఓపెన్ కాన్సెప్టేనండీ" అని చెప్పారు. అడ్జస్ట్ అవ్వడానికి మగవాళ్ళ భాషలో అది పేరు కాబోలు.

నా తలుపుకి ఇత్తడి గడియే కొన్నాను. మొదటిరోజు సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్ళి గడియ పెట్టి కుర్చీలో కూర్చున్నాను. ఒక పక్క బీరువా, ఒక పక్క ఇన్వర్టరు, నా తల మీద మెట్ల వాలు. మోకాళ్ళు గోడకి తగులుతున్నాయి. ఎంత బాగుందో చెప్పలేను. ఏమీ చెయ్యలేదు. ఫోను కూడా తీసుకెళ్ళలేదు.

అలవాటైన వాళ్ళు ఊరుకుంటారా! మావారు తలుపు కొట్టి, "ఏం చేస్తున్నావే?" అన్నారు. ఏమీ చెయ్యట్లేదన్నాను. కాసేపాగి మళ్ళీ కొట్టి, "ఒంట్లో బాలేదా?" అన్నారు. బాగుందన్నాను. ఇంకాసేపాగి, "నా మీద కోపమా?" అన్నారు. లేదన్నాను. పాపం, ఇల్లాలు తలుపు వేసుకుంటే దానికి మూడో కారణం ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఒక్క మా అత్తయ్యే తలుపు కొట్టలేదు.

వారం పోయాక ఒకరోజు పొద్దున్నే నేను క్యారేజీ సర్దుకుంటుంటే ఆవిడ వంటింట్లోకి వచ్చారు. గిన్నె తీసి ఇటు పెట్టారు, మళ్ళీ తీసి అటు పెట్టారు. బస్సుకి టైమవుతోంది, ఏంటత్తయ్యా అన్నాను.

"ఏం లేదమ్మాయ్. నువ్వు బడికి పోయినాక... ఆ గది ఖాళీయే గదా" అన్నారు.

"అవును."

"మధ్యాన్నం పూట కాసేపు నేను పోయి కూచోనా? నీ వస్తువులేం కదిలించను. ఊరికే, గడియ ఏసుకుని." ఆవిడ నా మొహం చూడటం లేదు, క్యారేజీ మూత వైపు చూస్తున్నారు. "నీకిబ్బందయితే వద్దులే. కాస్త అడ్జస్ట్ అవుతావా?"

ఆ మాట వెనక ప్రశ్న గుర్తు ఉండగా వినడం నాకు అదే మొదటిసారి. బస్సులో, బజారులో, బంధువుల్లో ఎవరూ అలా అనలేదు. ఆవిడ కూడా ఎప్పుడూ తన కోసం అనలేదు. కూర్చోండత్తయ్యా, అదేం మాట అన్నాను. ఇంకా ఏదో అనాలనుకుంటూనే సంచీ భుజాన వేసుకున్నాను. బస్సు వచ్చేస్తుంది.

ఆ రోజు బడిలో పిల్లలకి ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. సాయంత్రం బస్సులో ఎప్పటిలాగే నాలుగో ఆవిడ వచ్చింది, ఎప్పటిలాగే కూర్చుంది. నేను ఏమీ అనుకోకుండా జరిగాను.

ఇంటికి వచ్చేసరికి మావారు నా గది బయట నిలబడి ఉన్నారు. "అమ్మ లోపలుందే. మధ్యాహ్నం వెళ్ళిందట, ఇంకా రాలేదు. కాఫీ టైమయింది. ఏం చేస్తున్నావంటే ఏమీ చెయ్యట్లేదంటోంది" అన్నారు కంగారుగా.

నేను తలుపు దగ్గరకి వెళ్ళి, "అత్తయ్యా" అన్నాను.

"ఒచ్చావా అమ్మాయ్? ఇదిగో లేస్తన్నా" అంది లోపలి గొంతు. కుర్చీ జరిగిన చప్పుడైంది.

"వద్దు, కూర్చోండి" అన్నాను.

కుర్చీ మళ్ళీ సర్దుకున్న చప్పుడైంది. గడియ తీసిన చప్పుడు మాత్రం కాలేదు. మావారిని వెళ్ళి కాఫీ పెట్టమన్నాను. నాకు కూర్చోవడానికి చోటు కోసం చూసుకుని, బడి సంచీ భుజాన ఉండగానే హాల్లోకి వెళ్ళి, టీవీకి ఎదురుగా వేసి ఉన్న మా అత్తయ్య నవారు మంచం మీద కూర్చున్నాను. కొత్తింట్లో కూడా ఆవిడ మంచం హాల్లోనే వేశాం. అక్కడి నుంచి చూస్తే మా పడకగది తలుపు, పిల్ల గది తలుపు, ఆఫీసు రూము కర్టెను, నా గది తలుపు, అన్నీ వరసగా కనిపిస్తాయి.